ఆకాశంలో సగం – నేల మీద సన్నాహాలు

2003 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళన్నీ నిండిపోయాయి. కల్పనా చావ్లా తిరిగి వస్తోంది. నేనప్పుడు మార్కాపురంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సోమవారం బళ్ళో ఆమె మీద వ్యాసరచన పోటీ ఉంటుందని టీచరు ముందే చెప్పారు. అందుకని నోట్‌బుక్కు, పెన్ను పట్టుకుని మరీ కూర్చున్నాను. దిగాల్సిన సమయం దాటిపోయింది. తెర మీద ఒక తెల్లటి గీత రెండుగా, మూడుగా చీలింది. కొంతసేపటిదాకా అది ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ మాట్లాడలేదు. గడప దగ్గర కూర్చున్న మా అవ్వ ఒక్కతే అడిగింది, "ఆ పిల్లకి బిడ్డలుండారా?" అని. లేరని ఎవరో చెప్పారు. "పోనీలే తల్లీ" అంది అవ్వ. ఊరటపడి అందో, మరింత జాలిపడి అందో ఇప్పటికీ తేల్చుకోలేను.

అదే ఏడాది అక్టోబరు 15న చైనా తన మొదటి వ్యోమగామిని పంపింది. యాంగ్ లివెయ్ షెంఝౌ-5లో భూమిని 14 సార్లు చుట్టి, దాదాపు 21 గంటల తర్వాత క్షేమంగా దిగాడు. ఆయన్నీ టీవీలో చూపించారు. అవ్వ చూసింది. ఆయనకు బిడ్డలున్నారా అని మాత్రం అడగలేదు.

అవ్వ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఒక ఆడమనిషి చనిపోతే మొదట గుర్తొచ్చేది ఆమె మీద ఆధారపడినవాళ్ళే అన్నది ఆమె బతుకు నేర్పిన సంగతి. అయితే ఆ తర్వాత సాహిత్యంలో పరిశోధన చేస్తూ, స్త్రీల చరిత్రలూ ఆత్మకథలూ చదువుతూ ఉన్నప్పుడు నాకు అదే ప్రశ్న పెద్ద పెద్ద ఆఫీసుల్లోంచీ అంతరిక్ష సంస్థల్లోంచీ మళ్ళీ మళ్ళీ వినపడింది. అక్కడ అది జాలితో అడిగిన ప్రశ్న కాదు, అర్హత నిబంధన.

మనకు 'తొలి మహిళ'ల చరిత్ర అంటే ఇష్టం. భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించినప్పుడు ఆడవాళ్ళకు చరిత్ర లేదన్నవాళ్ళకు పేర్లతో జవాబు చెప్పాల్సిన అవసరం ఉంది. ఆమె ఆ పని చేసింది. ఆ పనికి నా దండం. కానీ నూరేళ్ళు దాటాక కూడా మనం రత్నాలనే ఏరుకుంటూ ఉంటే ఒక చిక్కుంది. తొలి మహిళ పేరు, తేదీ దొరకగానే కథ అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆమెకు ముందు సిద్ధపడి ఆగిపోయినవాళ్ళు, ఆమెను సిద్ధం చేసినవాళ్ళు, సిద్ధపడే వరసలోకే రానివ్వనివాళ్ళు – వీళ్ళెవరూ పటంలోకి రారు. అందుకే రాకెట్టు లేచిన రోజు కంటే దానికి ముందరి సంవత్సరాలు నాకు ముఖ్యమనిపిస్తాయి. ఎవరు వెళ్ళాలో, ఎవరు వెళ్ళకూడదో తేలిపోయేది అప్పుడే.

'ఆకాశంలో సగం' అన్న మాట మనకు చైనా నుంచే వచ్చింది. ఆడవాళ్ళు ఆకాశంలో సగాన్ని మోస్తారని మావో అన్నట్టుగా చెప్పుకునే మాట. మన స్త్రీల ఉద్యమం దాన్ని ఎంతగా సొంతం చేసుకుందంటే అది అనువాదమన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ మాట పుట్టిన దేశం నిజంగానే ఆకాశానికి మనుషుల్ని పంపడానికి సిద్ధపడినప్పుడు, 1998లో ఎంపిక చేసిన మొదటి బృందంలో 14 మంది ఉన్నారు. 14 మందీ వైమానికదళం మగవాళ్ళే.

అయితే చైనా దగ్గరికి పోయేముందు ఇంకా వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఆ నిబంధనలు చైనా కనిపెట్టినవి కావు.

1960లో అమెరికాలో జెర్రీ కాబ్ అనే పైలట్, మగ వ్యోమగాములకు పెట్టిన శరీర పరీక్షలన్నీ లవ్‌లేస్ అనే డాక్టరు క్లినిక్కులో పూర్తిచేసింది. ఆమె తర్వాత ఇంకొంతమంది. మొత్తం 13 మంది నెగ్గారు. ఇది ప్రభుత్వ కార్యక్రమం కాదు, ఆ డాక్టరు సొంతంగా నడిపింది. తర్వాతి దశ పరీక్షలకు వెళ్ళబోతుండగా నౌకాదళం తన పరికరాలు వాడుకోనివ్వనంది. 1962 జులైలో ఆ దేశ పార్లమెంటు ఉపసంఘం ముందు విచారణ జరిగింది. నాసా చెప్పిన జవాబు చాలా శుభ్రంగా ఉంది: మేం ఆడవాళ్ళని వద్దనడం లేదు, జెట్ విమానాల టెస్ట్ పైలట్లు కావాలంటున్నాం, అంతే. ఆ రోజుల్లో సైన్యంలో ఆడవాళ్ళు టెస్ట్ పైలట్లు కావడానికే వీల్లేదు. అప్పటికే భూమిని చుట్టి వచ్చి దేశానికి వీరుడైన జాన్ గ్లెన్ కూడా అక్కడికొచ్చి, ఆడవాళ్ళు ఈ రంగంలో లేకపోవడం మన సమాజం తీరు అన్న అర్థంలో సాక్ష్యమిచ్చాడు. వ్యోమగామికి ఉండాలన్న డిగ్రీ, ఎంపికయ్యేనాటికి గ్లెన్‌కే లేదు. ఆయన విషయంలో నిబంధన వంగింది.

తలుపు మూసేశామని ఎవరూ చెప్పరు. ఇంకో తలుపు తాళంచెవి తెమ్మంటారు. ఆ తలుపు ముందే మూసి ఉంటుంది. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోమని పాఠకుల్ని కోరుతున్నాను. మన శ్రీహరికోట దగ్గర మళ్ళీ కనబడుతుంది.

సోవియట్ వాళ్ళు వేరే దారిన వెళ్ళారు. యారొస్లావ్ల్‌లో బట్టల మిల్లు కార్మికురాలు, సరదాగా పారాచూట్ దూకడం నేర్చుకున్న వాలెంటీనా తెరెష్కోవాతో కలిపి 1962లో ఐదుగురు యువతుల్ని తీసుకున్నారు. 1963 జూన్ 16న తెరెష్కోవా బయల్దేరి భూమిని 48 సార్లు చుట్టింది. ఆమె పేరు మనందరికీ తెలుసు. మిగతా నలుగురిలో ఒక్కరికీ అవకాశం రాలేదు. 1969లో ఆ బృందాన్నే రద్దు చేశారు. సిద్ధమై ఏడేళ్ళు ఎదురుచూసిన ఆ నలుగురి చరిత్రను ఎక్కడ పెట్టాలి? రెండో సోవియట్ మహిళ స్వెత్లానా సవిట్‌స్కాయా వెళ్ళింది 1982లో, అంటే 19 ఏళ్ళ తర్వాత. అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టగానే అక్కడున్న మగ సహచరులు ఆమెకు ఒక వంటింటి ఏప్రన్ చూపించి స్వాగతం చెప్పారు. హాస్యమే కావచ్చు. ఆ ఏప్రన్ కూడా ఎవరో ముందే సిద్ధం చేసి ఉంచిందే కదా.

ఆ 13 మంది అమెరికన్లలో ఒకరైన వాలీ ఫంక్ 2021 జులై 20న, 82 ఏళ్ళ వయసులో, ఒక ప్రైవేటు కంపెనీ వ్యోమనౌకలో కొన్ని నిమిషాలు పైకి వెళ్ళొచ్చింది. దానికి తొమ్మిది రోజుల ముందే, జులై 11న, మన బండ్ల శిరీష మరో ప్రైవేటు నౌకలో వెళ్ళింది. మన పత్రికల నిండా తెలుగమ్మాయి, తెలుగమ్మాయి. నేనూ సంతోషించాను. వాలీ ఫంక్ అరవై ఏళ్ళ ఎదురుచూపు గురించి మనవాళ్ళు పెద్దగా రాసినట్టు నాకు గుర్తులేదు.

ఇక చైనా. 2003 అక్టోబరులో షెంఝౌ-5 బయల్దేరే ముందు రోజులు విచిత్రంగా గడిచాయి. ప్రపంచమంతా ఎదురుచూస్తోంది గానీ ఎవరు వెళ్తున్నారో ప్రభుత్వం ముందుగా ప్రకటించలేదు. ప్రయోగాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూపిస్తామన్న ఏర్పాటును చివర్లో మానుకున్నారు. అంతా బాగా జరిగాకే వీరుడు జనం ముందుకొచ్చాడు. ఓటమిని రహస్యంగా దాచుకునే అవకాశం ఉంచుకుని, గెలుపును మాత్రం పంచిపెట్టే పద్ధతి అది.

2012 జూన్‌కి ఆ పద్ధతి బాగా మారింది. 2010లో ఎంపికైన రెండో బృందంలో ఏడుగురు, అందులో ఇద్దరు స్త్రీలు: లియు యాంగ్, వాంగ్ యాపింగ్. ఇద్దరూ రవాణా విమానాల పైలట్లు. షెంఝౌ-9లో ఈ ఇద్దరిలో ఒకరు వెళ్తారని తెలిసినప్పట్నించీ ఎవరన్నది దేశమంతా చర్చ. ప్రయోగానికి ముందురోజు లియు యాంగ్ పేరు ప్రకటించి, ఆమెను విలేకరుల ముందు కూర్చోబెట్టారు. ఒకసారి ఆమె నడుపుతున్న విమానానికి పావురాల గుంపు తగిలిందనీ, అయినా క్షేమంగా దించిందనీ పత్రికలు రాశాయి. జూన్ 16న ఆమె బయల్దేరింది. సరిగ్గా 49 ఏళ్ళ కిందట తెరెష్కోవా వెళ్ళిన తేదీ.

ఆ సన్నాహాల్లో ఎక్కువ చర్చకొచ్చింది పావురాలు కాదు, పెళ్ళి. మహిళా వ్యోమగామి వివాహిత అయి ఉండాలని అధికారులు బహిరంగంగానే చెప్పారు. పెళ్ళయినవాళ్ళయితే శరీరమూ మనసూ పరిపక్వంగా ఉంటాయన్నారు. అంతరిక్షంలోని రేడియేషన్ సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తుందేమోనన్నది ఇంకో కారణం. బిడ్డల్ని కన్నవాళ్ళయితే మరీ మంచిదన్న మాటా వినిపించింది. మచ్చలు ఉండకూడదు, ఒంటివాసన ఉండకూడదు అంటూ పత్రికల్లో వచ్చిన జాబితాలు చదివితే పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. రేడియేషన్ మగవాళ్ళ మీదా పనిచేస్తుంది. యాంగ్ లివెయ్ పెళ్ళి మాత్రం అర్హతగా ఎప్పుడూ వార్తకెక్కలేదు.

ఆ శనివారం నాకు బాగా గుర్తుంది. నేను ఎం.ఏ. పూర్తిచేసి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చిన రోజది. నా చదువు గురించి రెండు ప్రశ్నలు అడిగారు. ఆ తర్వాత బల్లకి అవతలున్న పెద్దాయన కళ్ళజోడు తీసి, "పెళ్ళయిందా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. "మరి అవుతుంది గదా. అయితే వెళ్ళిపోతావు. పోకపోయినా కాన్పుకని ఆరునెలలు. మధ్యలో సిలబస్ ఎవరు చెప్పాలి?" ఆయన కోపంగా అనలేదు, దయగానే అన్నాడు. ఇంటికొచ్చేసరికి టీవీలో లియు యాంగ్ చెయ్యి ఊపుతోంది. కింద అక్షరాలు నడుస్తున్నాయి. చైనాలో పెళ్ళి కాకపోతే పంపరు, మా దగ్గర పెళ్ళవుతుంది కాబట్టి తీసుకోరు. రెండు చోట్లా లెక్క ఒకటే: ఆడదాని గర్భసంచిని ముందుగా లెక్కేసుకుని, ఆ తర్వాత మిగిలినదానికి పని ఇవ్వడం. నవ్వాలో ఏడవాలో తెలియక అమ్మ దగ్గరికెళ్ళి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఆ ఏడాదే పీహెచ్‌డీ ప్రవేశానికి దరఖాస్తు పెట్టుకున్నాను గనక ఆయనకు రుణపడి ఉన్నాననే అనుకోవాలి.

చైనా కథను నేను ఇక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. లియు యాంగ్ ఆ తర్వాత తల్లయి, 2022 జూన్‌లో మళ్ళీ వెళ్ళి ఆరునెలలు అంతరిక్ష కేంద్రంలో పనిచేసింది. వాంగ్ యాపింగ్ 2013లో పైనుంచి దేశంలోని కోట్లమంది పిల్లలకు భౌతికశాస్త్రం పాఠం చెప్పింది. 2021 నవంబరు 7న అంతరిక్షంలో నడిచిన మొదటి చైనా స్త్రీ ఆమే. 2024 అక్టోబరులో వెళ్ళిన వాంగ్ హవోజె పైలట్ కాదు, ఇంజినీరు. అంటే తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ 2021లో వాంగ్ యాపింగ్ ప్రయాణానికి ముందు సరుకుల నౌకలో ఏమేం పంపారన్న వార్తల్లో శానిటరీ ప్యాడ్లతో పాటు సౌందర్య సాధనాలూ ప్రముఖంగా కనిపించాయి. అలంకరించుకుంటే ఆడవాళ్ళు ఉత్సాహంగా పనిచేస్తారని ఒక నిపుణుడు వివరించాడు. తారలు కోసుకొస్తానని ఆమె కూతురికిచ్చిన మాట దేశమంతా మార్మోగింది. ఆ మాట ముద్దుగానే ఉంది. ఆమెతోపాటు వెళ్ళిన ఇద్దరు మగవాళ్ళు ఇంట్లో ఏం మాట ఇచ్చి వచ్చారో మనకి ఎవరూ చెప్పలేదు.

అమెరికా వాళ్ళని చూసి నవ్వుకోవడానికీ సందు ఉంది. 1983లో శాలీ రైడ్‌ని వారం రోజుల ప్రయాణానికి సిద్ధం చేస్తూ అక్కడి ఇంజినీర్లు 100 టాంపన్లు చాలా అని అడిగారట. ఆ సంగతి ఆమే తర్వాత చెప్పింది. చంద్రుడి దాకా లెక్క కట్టినవాళ్ళకి ఈ లెక్క రాలేదు.

సన్నాహాలంటే నిబంధనలే కాదు, చేతిపని కూడా. చంద్రుడి మీద నడిచిన మగవాళ్ళ స్పేస్‌సూట్లు కుట్టింది ఆడ దర్జీలు. ఇంతకుముందు ఒళ్ళో వేసుకునే లోదుస్తులు తయారుచేసిన కంపెనీలో, అవే కుట్టుమిషన్ల మీద, ఒక్క కుట్టు దారి తప్పినా లోపలి మనిషి ప్రాణం పోతుందన్న భయంతో కుట్టారు. అపోలో కంప్యూటరు జ్ఞాపకశక్తిని రాగితీగలతో ఒక్కో పోగూ దూర్చి నేసింది కూడా ఫ్యాక్టరీ ఆడవాళ్ళే. ఇది చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది.

తెలుగునాట ఏ బళ్ళో చూసినా ఒకప్పుడు మార్కాపురం పలకే. మా చుట్టూ భూమిలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. క్వారీలోంచి తెచ్చిన దిమ్మను ఉలితో పొర విప్పితే పలక వస్తుంది. దాన్ని కోసి, నున్నగా రుద్ది, కొయ్య చట్రం బిగిస్తారు. మా అవ్వ ఆ చట్రాలు బిగించే పని చాలా ఏళ్ళు చేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల, కనురెప్పలు, చీర అన్నీ ఒకే బూడిదరంగు. అవ్వ దగ్గు ఆ రంగుతోనే వచ్చిందని మా నాయన అనేవాడు. ప్లాస్టిక్ పలకలు, అట్ట పలకలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఇప్పుడు ఎక్కువ రాయి ఇళ్ళ గోడలకీ గచ్చులకీ పోతోంది, విదేశాలకీ పోతోంది.

ఇస్రోలో పనిచేసే పెద్దపెద్దవాళ్ళు మన పలక మీదే ఓనమాలు దిద్దారని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. అయ్యుండొచ్చు. ఆ పలక చట్రం బిగించిన మా అవ్వకి వేలిముద్ర తప్ప రాదు. తెలిసినవాళ్ళ ఇళ్ళకి పంచిపెట్టిన పలకలు ఎన్నో, తను మాత్రం ఒక్కదాని మీదా రాయలేదు. వెలిగొండ నీళ్ళ కోసం తొంభైల నుంచీ ఎదురుచూసిన నేల మాది, ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిన నేల. సన్నాహాలు, శంకుస్థాపనలు, ఎదురుచూపులు అంటే మా పడమటి ప్రకాశం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

నెల్లూరు దాటి సూళ్ళూరుపేట మీదుగా పులికాట్ సరస్సు మధ్యలోని రోడ్డు వెంట వెళ్తే శ్రీహరికోట. మన దేశం సొంతంగా మనుషుల్ని పంపబోయేది ఇక్కడినుంచే. ఈ దీవికీ ఒక ముందుకథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి అడవి మద్రాసు పొయ్యిల్లోకి వంటచెరకు. ఆ అడవిలో దుంపలు తవ్వుకుని, తేనె తీసి, చేపలు పట్టి బతికినవాళ్ళు యానాదులు. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటు ఎంచుకున్నారు. తూర్పున సముద్రం, చుట్టూ జనం తక్కువ. 'జనం తక్కువ' అన్నప్పుడు లెక్కలోకి రానివాళ్ళు యానాదులే. 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్ ఇక్కడి నుంచి మొదటగా లేచేనాటికి వాళ్ళని ఒడ్డు మీదికి తరలించే పని మొదలైపోయింది. అడవిలో ఏ దుంప ఏ నెలలో ఊరుతుందో తెలిసిన ఆడవాళ్ళు కాలనీ ఇళ్ళలోకి వచ్చి కూలీలయ్యారు. అంతరిక్ష ప్రయాణానికి మన దేశం చేసిన మొట్టమొదటి సన్నాహం ఇదే అని నేననుకుంటాను.

గగన్‌యాన్‌ను 2018 ఆగస్టు 15న ప్రకటించారు. మొదట అనుకున్న ఖర్చు దాదాపు 9,023 కోట్లు, 2024 సెప్టెంబరులో దాన్ని 20,193 కోట్లకు పెంచారు. తేదీ జరుగుతూ వచ్చింది. మనుషులతో ప్రయాణం 2027లో అని 2025లో ఇస్రో చెప్పింది. జరగడం మంచిదే, తొందరపడి కొలంబియాలాగా కాకూడదు. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో చేసిన పరీక్షను నేను ఫోన్లో చూశాను. కౌంట్‌డౌన్ ఐదు సెకన్ల దగ్గర ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టారు. ప్రమాదం వచ్చినట్టు ఊహించి, మనుషులు కూర్చునే గదిని రాకెట్ నుంచి ఊడదీసి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దించారు. గది నీళ్ళలో తలకిందులుగా తేలింది గానీ పరీక్ష నెగ్గింది. ఇలాంటి ఓపికైన సన్నాహం మీద నాకు గౌరవం ఉంది. పది పారాచూట్లు ఒకదాని వెంట ఒకటి తెరుచుకోవాలి, చివరి మూడు పెద్దవాటిలో ఒకటి తెరుచుకోకపోయినా మిగతా రెండూ దించగలగాలి. 2025 ఆగస్టు 24న నాలుగు టన్నుల పైచిలుకు నమూనా గదిని హెలికాప్టర్ నుంచి జారవిడిచి మళ్ళీ పరీక్షించారు. ఒకటి తెగితే రెండోది పట్టుకోవాలన్న జాగ్రత్త అది. అంత జాగ్రత్త మనుషుల ఎంపికలో ఎందుకు లేదన్నదే నా ఫిర్యాదు.

ఎందుకంటే ఈ కార్యక్రమాన్ని మొదట నడిపించింది ఒక స్త్రీ. మానవ అంతరిక్ష యాత్రల డైరెక్టరేట్‌కు వి.ఆర్. లలితాంబిక నేతృత్వం వహించారు. మంగళయాన్ 2014 సెప్టెంబరులో అంగారక కక్ష్యలో చేరినప్పుడు పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఒకరినొకరు కౌగిలించుకున్న ఇస్రో ఆడవాళ్ళ ఫొటో ప్రపంచమంతా చూసింది. చంద్రయాన్-2కి ఎం. వనిత, రీతూ కరిధాల్ బాధ్యత వహించారు. శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ వినిపించిన గొంతు వలర్మతి గారిది, ఆవిడ 2023 సెప్టెంబరులో చనిపోయారు. పంపేవాళ్ళలో ఇంతమంది ఉన్నారు. వెళ్ళేవాళ్ళ పేర్లు 2024 ఫిబ్రవరి 27న తిరువనంతపురంలో ప్రకటించారు: ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. నలుగురూ వైమానికదళం టెస్ట్ పైలట్లు.

కారణం అడిగితే జవాబు 1962లాగే శుభ్రంగా ఉంది. టెస్ట్ పైలట్లు కావాలి, ఆడవాళ్ళలో లేరు. లెక్క చూడండి. మన వైమానికదళం యుద్ధవిమానాల్లోకి ఆడవాళ్ళని మొదటిసారి తీసుకున్నది 2016 జూన్‌లో, ముగ్గుర్ని. గగన్‌యాన్ వడపోత 2019లో జరిగింది. మూడేళ్ళలో ఎవరూ టెస్ట్ పైలట్ కాలేరు, ఏళ్ళ తరబడి అనుభవం కావాలి. కాబట్టి ఎంపిక మొదలుకాకముందే ఫలితం తేలిపోయింది. ఎన్డీయేలోకి అమ్మాయిలకు 2021లో సుప్రీంకోర్టు చెప్పాకే దారి దొరికింది, మొదటి 17 మంది బయటికొచ్చింది 2025 మేలో. ముందు ముందు స్త్రీలను పంపుతామని, ఫైటర్ పైలట్లు దొరక్కపోతే శాస్త్రవేత్తలను పంపొచ్చని ఇస్రో అధ్యక్షుడుగా ఉన్నప్పుడు సోమనాథ్ 2023లో అన్నారు. మంచి మాట. చైనా వాంగ్ హవోజెని పంపిన దారి అదే.

ఈలోగా మనకు వ్యోమమిత్ర ఉంది. 2020 జనవరి 22న బెంగళూరులో ఈ మరమనిషిని పరిచయం చేశారు. ముఖం ఆడది, గొంతు ఆడది. నడుము కింద కాళ్ళు లేవు. ముందుకీ పక్కలకీ వంగగలదు, మీటలు నొక్కగలదు, గదిలో గాలి ఎలా ఉందో కనిపెట్టగలదు, తోటివాళ్ళతో మాట్లాడగలదు. మనుషులు లేని మొదటి ప్రయాణానికి ఆమెను కేటాయించారు. 'ఆమె' అని రాసి ఆగాను, 'అది' అనాలా? ఇంజినీర్లు కాళ్ళు అవసరం లేదన్నది సాంకేతికంగా నిజమే. కానీ కాళ్ళు లేని, అలిసిపోని, ఎదురు మాట్లాడని, ముందుగా వెళ్ళి ఇల్లు సర్ది పెట్టి, గాలి బాగుందని చెప్పి, ఆ తర్వాత మగవాళ్ళకు చోటిచ్చే స్నేహితురాలి బొమ్మను మనమెక్కడా చూడలేదా?

నేను అతిగా ఆలోచిస్తున్నానని ఒక స్నేహితురాలు అంది. ఆమె మాట కూడా పెడతాను. సోవియట్ వాళ్ళు 1961లో గగారిన్‌కి ముందు పంపిన బొమ్మ మగది, దాని పేరు ఇవాన్ ఇవనోవిచ్. నిజమే. అందుకని ఇంకో ఉదాహరణ చూద్దాం. 2022 నవంబరులో నాసా చంద్రుడి చుట్టూ పంపిన ఆర్టెమిస్-1లో హెల్గా, జోహార్ అని రెండు ఆడ మొండేలు ఉన్నాయి. వాటికీ కాళ్ళూ చేతులూ లేవు. కానీ వాటిని పంపింది ఆడవాళ్ళ శరీరంలో ఏ అవయవానికి ఎంత రేడియేషన్ తగులుతుందో కొలవడానికి. అంటే రేపు వెళ్ళబోయే స్త్రీ కోసం. వ్యోమమిత్రకి ఆడ రూపం ఉంది, ఆ రూపంతో ఆడవాళ్ళ శరీరానికి సంబంధించిన పని మాత్రం లేదు. ఆడవాళ్ళ మీద రేడియేషన్ భయాన్ని చైనా పెళ్ళి నిబంధనగా మార్చింది, అమెరికా కొలతగా మార్చింది. మనం ఇంకా ఆ ప్రశ్నలోకే పోలేదు.

వ్యోమగాముల కుర్చీలు రష్యాలో ఒక్కొక్కరి శరీరానికి అచ్చుపోసి తయారుచేస్తారు. మన నలుగురికీ 2020 నుంచి అక్కడ శిక్షణ జరిగింది, సూట్లూ కుర్చీలూ వాళ్ళ కొలతలకే ఒప్పందం కుదిరింది. 2019 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇద్దరు స్త్రీలు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడక, సరిపడే కొలతలో రెండో సూట్ సిద్ధంగా లేక ఆగిపోయింది. ఏడు నెలల తర్వాత జరిగింది. అచ్చులో లేని శరీరం ఎంత అర్హత సంపాదించినా బయటే నిలబడాలి.

2025 జూన్ 25న శుభాంశు శుక్లా అమెరికా రాకెట్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఈసారి వీధిలో జనం ఒకచోట చేరలేదు, ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకున్నారు. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ మూడో సంవత్సరం. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ చదివింది. ఎయిర్‌ఫోర్స్ పరీక్ష రాయాలని పుస్తకాలు తెచ్చుకుంది. రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూలో నింపాల్సిన ఫారం నమూనా ఎక్కడినుంచో సంపాదించి, నింపడం అలవాటు చేసుకోవాలని నా దగ్గరికి తెచ్చింది. పేరు, ఊరు, చదువు, ఆటలు అన్నీ నింపాం. తల్లిదండ్రుల వృత్తి అన్న చోట ఆగింది.

"నాయన లారీ డ్రైవర్ అని రాస్తానక్కా. అమ్మకి ఏం రాయాల? హౌస్ వైఫ్ అని రాయమన్నారు మా క్లాసులో అందరూ."

వాళ్ళమ్మ పొద్దున ఎనిమిదింటికి రాళ్ళ యార్డుకి వెళ్ళి చీకటిపడ్డాక వస్తుంది. ఆ మాటే నేనన్నాను. "కూలీ అని రాస్తే తక్కువగా చూస్తారేమో" అంది. మేమిద్దరం ఆలోచిస్తుండగానే వాళ్ళమ్మ వచ్చింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి దులుపుతూ, విషయం విని, ఫారం వంక చూసింది.

"పలకల పని అని రాయి. చేసేది అదే గదా" అంది.

అమ్మాయి పెన్సిల్‌తో అలాగే రాసింది. తర్వాతి గడిలో నెల ఆదాయం అడిగారు. దానికి వాళ్ళమ్మ కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.